అటకెక్కిన తేడా సరుకు

నా జీవితంలో కంప్యూటర్ ప్రోగ్రాం ఒక్క వరుస కూడా రాయలేదు. కానీ ఒక ప్రోగ్రాం నా చేతి మీదుగానే నడక నేర్చుకుంది. అది ఎలా నడిచిందో, ఎక్కడ ఆగిపోయిందో, ఆగినప్పుడు ఎవరు నష్టపోయారో చెప్పాలని చాలాకాలంగా ఉంది. ఈ పనుల్లోకి కొత్తగా వస్తున్న చిన్నవాళ్ళు చదివితే అంతే చాలు.

తొంభైల నడిమి సంగతి ఇది. తెనాలిలో స్టేషనుకు కాస్త దూరంలో, బట్టల కొట్టు పైన మేడ గదుల్లో మా ఆఫీసు. చిన్న చిన్న వ్యాపారాలకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేవారు. ఊడ్చడానికీ టీలు తేవడానికీ నన్ను పెట్టుకున్నారు. అంతకుముందు రేపల్లె దగ్గర ఒక షెడ్డులో రొయ్యల తలలు తీసేదాన్ని. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు ఉంచితే వేళ్ళ చర్మం ఊడిపోతుంది. అది పడక మానేశాను.

అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి. మా పేట చర్చి వరండాలో సాయంత్రాలు ఒక టీచరమ్మ నేర్పేవారు. తెలుగు అక్కడ నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఆఫీసులో కీబోర్డు తుడుస్తూ నేర్చుకున్నాను. అందుకని ఏబీసీడీలు చెప్పమంటే క్యూ నుంచి మొదలుపెట్టేదాన్ని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకు చీటీలు చూసి కంప్యూటర్లోకి తప్పు లేకుండా ఎక్కించడం వచ్చింది. ఊడ్చే పని ఇంకొకరికి వెళ్ళింది, నాకు కుర్చీ వచ్చింది.

మా ఆఫీసుకు పేరు తెచ్చిన ప్రోగ్రాం రొయ్యల కాటాది. ఆ రోజుల్లో రేపల్లె నుంచి సముద్రం దాకా వరి చేలు కాస్తా రొయ్యల చెరువులైపోయాయి. రైతు చెరువులో రొయ్యలు పట్టగానే సరుకు ట్రేలలో ఐసు వేసి కొనుగోలు సెంటరుకు తెస్తాడు. అక్కడ ట్రే కాటా మీద పెట్టి తూస్తారు, కౌంటు చూస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. కౌంటు తక్కువైతే రొయ్య పెద్దదన్నమాట. ఈ రెండూ కంప్యూటర్లో కొడితే చీటీ వస్తుంది. చీటీ వచ్చాకే ట్రే లారీ ఎక్కుతుంది. ఇదివరకు చేత్తో రాసిన చీటీల మీద తగాదాలు తలలు పగిలేదాకా వెళ్ళాయి. అందుకని మిషను చీటీ అయితేనే తీసుకుంటామని రైతులే పట్టుబట్టారు.

అన్ని ట్రేలూ ఒకేలా ఉండవు. పెంకు మెత్తబడ్డవి, మచ్చ పడ్డవి, ఎదగకుండానే పట్టేసినవి వస్తుంటాయి. వాటిని తేడా సరుకు అంటారు. దాన్ని విడదీసి, రకానికో తూకం వేసి, ఒక్కోదానికీ వేరే ధర కట్టాలి. ప్రోగ్రాంలో ఆ పని చేసే భాగానికి రాసినవాళ్ళు ‘తేడా’ అనే పేరు పెట్టారు, ఇంగ్లీషు అక్షరాల్లో. టీ, ఈ, డీ, ఏ. నేను మొదట కూడబలుక్కుని చదివిన కంప్యూటర్ మాట అదే.

రేపల్లె సెంటరులో కంప్యూటరు ఒకటి, దానికి తగిలించిన తెరలు మూడు. కాటాలు పెరిగేసరికి మిషను నెమ్మదించింది. కొత్తది కొనమంటే సెంటరువాళ్ళు వినలేదు. విజయవాడ కంపెనీ ఏదో ఇంతకంటే జోరుగా నడిచే ప్రోగ్రాం ఇస్తానందని, ఆఫీసు నడిపే మా సార్‌తో అన్నారు. సార్ ముఖం వాడిపోయింది. అప్పుడు ముందుకొచ్చింది బాపట్ల అమ్మాయి.

ఆవిడ మా ఇంజినీరు. బాపట్లలో మేష్టారి కూతురు. వయసులో నాకంటే చాలా చిన్న. మేడం అంటే ఒప్పుకునేది కాదు. నన్ను అక్కా అనేది, నేను అమ్మా అనేదాన్ని. మనిషి నెమ్మది. ఒక పని పట్టుకుంటే మాత్రం అన్నం సంగతి కూడా మరిచిపోయేది. కంప్యూటరును మార్చకుండానే ప్రోగ్రాంను జోరు చేయవచ్చని సార్‌తో చెప్పింది.

“అన్నం తక్కువ పెట్టి పని ఎక్కువ చేయిస్తావన్నమాట,” అన్నారు సార్. “ఇంట్లో మా ఆవిడ నాకు చేస్తున్నది అదే.”

ఆ రోజు టీ తాగుతూ నాకు ఆ పద్ధతి చెప్పింది. రాసిన ప్రోగ్రాంను కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలర్. దానికి ఏ భాగం ఎంత అవసరమో తెలియదు, అన్నింటినీ ఒకే చూపు చూస్తుంది. కనుక ముందు ప్రోగ్రాంను, తను ఏ దారిన ఎన్నిసార్లు వెళ్ళిందో గుర్తు పెట్టుకునేలా తయారు చేయాలి. దానితో నిజమైన పని చేయించాలి. ఆ గుర్తులనే ప్రొఫైల్ అంటారు. ఆ ప్రొఫైల్‌ను కంపైలర్ ముందు పెట్టి, మళ్ళీ మొదటినుంచి ప్రోగ్రాంను కట్టమనాలి.

“మీ వంటింట్లో ఉప్పూ కారం ఎక్కడ పెడతారక్కా?”

“పొయ్యి పక్కన గూట్లో.”

“జంతికల గొట్టం?”

“అటక మీద.”

“కంపైలర్ కూడా అదే చేస్తుంది. రోజూ వాడేవి చేతికందేలా పెడుతుంది, వాడనివి అటకెక్కిస్తుంది. ఏది రోజూ వాడతామో మాత్రం మనం దానికి చూపించాలి.”

ఇంత చదువు వెనక ఇంత మామూలు సంగతి ఉందా అనుకున్నాను.

నిజమైన పని చూపించాలంటే నిజమైన చీటీలు కావాలి. మామూలు రోజు చీటీలు కొన్ని కట్టలు పంపమని ఆవిడ రేపల్లె సూపర్వైజరుకు ఫోను చేసింది. ఆయన పెద్దమనిషి, మాట తేడా లేని మనిషి. మర్నాడే బస్సులో పంపించాడు. కట్టలు నీటుగా పురికొసతో కట్టి ఉన్నాయి. వాటిని నేను ఎక్కించాలి, సెంటరులో గుమస్తా ఎంత వేగంగా కొడతాడో అంత వేగంగా, వాడు ఆగేచోట ఆగుతూ. తప్పు కొడితే దిద్దుకుంటూ వెళ్ళమంది, వాళ్ళూ తప్పులు కొడతారు కదా అంది. వారం పైగా నేనే రేపల్లె సెంటరునయ్యాను. నేను కొడుతుంటే లోపల ఎక్కడో గుర్తులు పడుతున్నాయని తెలిసి, మొదటి రోజు కుర్చీలో నిటారుగా కూర్చుని కొట్టాను.

కంపైలర్ ఆ గుర్తులు చూసి ప్రోగ్రాంను కొత్తగా కట్టింది. రేపల్లెలో పెడితే చీటీ ఇలా కొడితే అలా వచ్చింది. సెంటరువాళ్ళు మెచ్చుకున్నారు. సార్ అందరికీ గల్లీ చివరి హోటలు నుంచి టిఫిన్ తెప్పించారు. తేడా ట్రే వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆలస్యమవుతోందని గుమస్తా ఒకసారి ఫోనులో అన్నాడు. ప్రింటరు రిబ్బను పాతబడిందేమో అనుకున్నాం.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. ఆ తర్వాత చెరువులకు వైరస్ తగిలింది.

ఒక చెరువులో కనిపించిందంటే పక్క చెరువు రైతు ఆగడు. రొయ్య ఎదిగినా ఎదగకపోయినా పట్టేస్తాడు, బతికున్నదాన్నైనా అమ్ముకుందామని. ఆ ఉదయం అలా చాలా చెరువులు ఒక్కసారే పట్టారు. పది గంటలప్పుడు రేపల్లె నుంచి ఫోను వచ్చింది. మిషను నిలబడిపోయిందని, చీటీలు రావడం లేదని, రోడ్డు మీద ట్రాక్టర్లు బారులు తీరాయని. సార్ ఊళ్ళో లేరు. బాపట్ల అమ్మాయి పాత ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలు సంచిలో వేసుకుంది. రొయ్యల సంగతి తెలిసినదాన్నని నన్నూ రమ్మంది. రేపల్లె పాసింజరు ఎక్కాం. దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది కానీ, ఏమీ చూడడం లేదని తెలుస్తోంది.

సెంటరులో అడుగుపెట్టగానే వాసన చెప్పింది నాకు, సగం ట్రేలలో ఐసు అయిపోయిందని. ఆ రోజు వచ్చిన సరుకులో ముప్పాతిక తేడా సరుకే. తెర మీద తేడా అని కొడితే కంప్యూటరు గరగరమంటూ డిస్కులో వెతుక్కుంటోంది. పట్టుకొచ్చేలోపు రెండో తెర నుంచి ఇంకొకటి అడుగుతున్నారు. దానికి చోటు కావాలని మొదటిది పక్కన పడేస్తోంది. ఆవిడ ఒక్క నిమిషం చూసి తల పట్టుకుంది. ఎక్కువ నడిచే దారులను కంపైలర్ వెడల్పు చేసింది, మెమరీలో ఉన్న కాస్త చోటూ అవే తీసుకున్నాయి. తేడా పనికి కావలసినవన్నీ అటక మీద తలో మూలా పడి ఉన్నాయి. ట్రే ట్రేకీ నిచ్చెన వేసి ఎక్కాలి.

“తేడాను ఇంత పూర్తిగా ఎందుకు అటకెక్కించింది?” అంది తనలో తను. “మామూలు రోజు కూడా కొన్ని తేడా ట్రేలు వస్తాయి కదా.”

వెనకే నిలబడి ఉన్న సూపర్వైజరు అన్నాడు. “మీకు పంపిన కట్టల్లో అవి లేవండి. తేడావన్నీ ఏరి తీసేశానండి. మీరు మామూలువే అడిగారు కదండి.”

ఆయన గొంతులో తప్పించుకునే మాట లేదు. అడిగింది అడిగినట్టు చేశానన్న నమ్మకం ఉంది. ఆవిడ మామూలు రోజు అంది. ఆయన మామూలు సరుకు అని విన్నాడు. సెంటరు పరువు కూడా చూసుకుని ఉంటాడు, చెత్త చీటీలు పైకి పంపడం ఎందుకని. ఆ కట్టలన్నీ కొట్టింది నేను. ఒక్కసారి కూడా టీ, ఈ, డీ, ఏ కొట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. కొట్టేటప్పుడు మాత్రం పని సాఫీగా పోతోందనే అనుకున్నాను. బాపట్ల అమ్మాయి కూడా గుర్తులన్నీ చూసింది, అంకెలు బాగున్నాయనే అనుకుంది. బాగున్నవాటిని ఎవరూ అనుమానించరు.

ఇక్కడ సూపర్వైజరు ఇంకొకటి చేశాడు. బారు కదలాలి కనుక, మామూలు సరుకు తెచ్చినవాళ్ళను ముందుకు పిలిచాడు. తేడా సరుకువాళ్ళను గోడ వారకు జరగమన్నాడు. మామూలు ట్రేలు చకచకా వెళ్ళిపోయాయి. లారీ నిండుతుంటే పని జరుగుతున్నట్టే కనిపించింది. కంపైలర్ లోపల చేసినదాన్నే ఆయన బయట మనుషులతో చేశాడని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. ఇద్దరూ తెలివైన పనే చేశారు.

గోడ వార చివర ఒకావిడ నిలబడి ఉంది. చెరుకుపల్లి వైపు మనిషి. యాభై ఉంటాయి. భర్త పోయాక, ఇన్నాళ్ళూ చెరువుల మీద కూలి చేసిన మనిషి, మొదటిసారి తన పేరున చిన్న చెరువు కౌలుకు పట్టింది. ఈ పంట అమ్ముడైతేనే కౌలు నిలుస్తుంది, లేకపోతే చెరువు ఇంకొకరికి పోతుంది. ఆటోలో తెచ్చింది ట్రేలు. ఐసు కొంచెమే వేయించుకోగలిగింది. పాత చీర తడిపి ట్రేల మీద కప్పి ఉంచింది.

“ఏంటమ్మాయ్, మిషను నన్ను రానివ్వట్లేదా?” అని అడిగింది నన్ను.

“వస్తుంది పిన్నీ. బాగుచేస్తున్నారు.”

“మనిషైతే బతిమాలుకుందును. దానికి ఏమని చెప్పను?”

లోపలికి వెళ్ళి బాపట్ల అమ్మాయితో చెప్పాను, గోడ వారవాళ్ళ సరుకు ఎక్కువసేపు ఆగదని. ఆవిడ ఫ్లాపీలు బల్ల మీద పెట్టుకుని వాటివైపు చూడకుండా కీబోర్డు కొడుతోంది. పాత ప్రోగ్రాం ఎక్కించాలంటే మూడు తెరలూ ఆపాలి. కదులుతున్న మామూలు బారు కూడా ఆగిపోతుంది. అందరి ముందూ కొత్తది పనికిరాలేదని ఒప్పుకున్నట్టవుతుంది. విజయవాడ కంపెనీ మాట అందరికీ తెలుసు. కాసేపట్లో మామూలు సరుకు అయిపోతే మిషను మీద బరువు తగ్గుతుంది, అప్పుడు తేడావాళ్ళను పిలుద్దాం అనుకుంది.

“ఇంకొక్క పావుగంట అక్కా,” అంది.

ఆ పావుగంటను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కళ్ళ ముందు తెర మీద మామూలు చీటీలు ఎంత బాగా వస్తున్నాయో ఆవిడ చూస్తోంది. బాగా నడుస్తున్నదాన్ని ఆపడానికి ఎంతో ధైర్యం కావాలి. ఆవిడకు ఆ ధైర్యం వచ్చింది, కానీ ఒక పావుగంట గడిచి, ఇంకొకటి గడిచాక. లేచి తనే బయటకు వెళ్ళి, మిషను ఆపుతున్నానని, ఇది తన ప్రోగ్రాంలో లోపమని, సెంటరువాళ్ళది కాదని అందరికీ వినిపించేలా చెప్పింది. ట్రాక్టరు మీద ఎవరో ఒకతను, “చదువుకున్నోళ్ళకి రొయ్య కంపు ఆలస్యంగా తెలుస్తదిలే,” అన్నాడు. ఆవిడ తల వంచుకుని విని, లోపలికి వచ్చి ఫ్లాపీలు ఒక్కొక్కటే ఎక్కించింది.

పాత ప్రోగ్రాం నెమ్మదే. కానీ మామూలుకూ తేడాకూ ఒకే నెమ్మది. మూడు తెరలూ కదిలాయి. గోడ వారవాళ్ళను కూడా పిలవడం మొదలుపెట్టారు.

పిన్ని వంతు వచ్చేసరికి కొనుగోలు ఏజెంటు ట్రే మీది తడి చీర ఎత్తి, ఒక రొయ్య తల నొక్కి చూశాడు. తల ఊడి వచ్చింది, లోపల నల్లబడింది. తేడా సరుకుగా కూడా దీనికి ధర కట్టలేనన్నాడు. ఆ మాట కసిరి చెప్పలేదు. పొద్దున్నే అయితే తీసుకునేవాడినమ్మా అన్నాడు. పిన్ని చీర మళ్ళీ ట్రే మీద కప్పింది. ట్రేలు కాటా దాకా కూడా వెళ్ళలేదు కనుక చీటీ లేదు. సెంటరు వెనక గొయ్యి తీసి పాడైన సరుకు పూడుస్తారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ట్రేలు కడిగి ఆటోలో పెట్టాం.

“ఖాళీ ట్రేలకి అద్దె కట్టాలి మళ్ళీ,” అని మాత్రం అంది ఆటో ఎక్కుతూ.

తిరుగు బండిలో బాపట్ల అమ్మాయి ఏడవలేదు. తెనాలి రాబోతుండగా, “మామూలు రోజున ఎవరికీ జోరు అక్కర్లేదక్కా,” అంది. “అక్కర్లేని రోజు కోసం కట్టాను.”

తర్వాత మళ్ళీ ప్రొఫైల్ తీయాలని ఆవిడే పట్టుబట్టింది. సార్ వద్దన్నారు, పాతదే నడవనివ్వమన్నారు. ఆవిడ వినలేదు. పద్ధతిలో తప్పు లేదని, దానికి మనం చూపించిన రోజులోనే తప్పుందని అంది. ఈసారి సూపర్వైజరు దగ్గరకు తనే వెళ్ళి, ఏరకుండా అన్ని చీటీలూ తెచ్చింది. వైరస్ రోజు చీటీలు కూడా. అవన్నీ నా బల్ల మీద పెట్టాక అడిగింది, గోడ వార చివర ఉన్న ఆవిడవి ఏవని.

ఆవిడవి లేవు. కాటా ఎక్కలేదు కనుక చీటీ పడలేదు. అలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. చీటీల్లో ఉన్నవాళ్ళంతా ఎలాగో వంతు దొరికినవాళ్ళే.

ఇద్దరం చెరుకుపల్లి వెళ్ళాం. చెరువు అప్పటికే చేయి మారింది. పిన్ని వరి నాట్లకు కూలికి వెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుంటోంది. కూర్చోమని పీట వేసింది. ఆ రోజు ట్రేలలో ఏ రకం ఎంత ఉందో, కౌంటు సుమారుగా ఎంతో చెప్పగలవా అని అడిగాను. ఆవిడ నా వైపూ బాపట్ల అమ్మాయి వైపూ మార్చి మార్చి చూసింది.

“ఎందుకు? ఇప్పుడు కొంటారా?”

“లేదు పిన్నీ. మిషనుకి చెప్పడానికి.”

“ఏమని?”

బాపట్ల అమ్మాయి నా వైపు చూసింది. నేనే చెప్పాను.

“నువ్వు కూడా వస్తావని.”

పిన్ని కాళ్ళు తుడుచుకుని మా ఎదురుగా కూర్చుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఏ ట్రేలో మెత్తవి, ఏ ట్రేలో చిన్నవి, ఐసు ఏ ట్రేకు సరిగ్గా అందలేదో కూడా చెప్పింది. ఎవరైనా అడగాలనే గుర్తుపెట్టుకున్నట్టు చెప్పింది. నేను రాసుకున్నాను. నా రాత అప్పటికి ఇంకా గుండ్రంగా కుదరలేదు. పిన్ని తొంగిచూసి, బాగానే రాస్తున్నావే అంది.

ఆ ప్రోగ్రాం తర్వాత చాలా సెంటర్లకు వెళ్ళింది. ఎప్పుడు మార్పు చేసి మళ్ళీ కట్టినా, కంపైలర్‌కు ముందుగా చూపించే పనిలో ఆ వైరస్ రోజు ఉండేది. ఆ రోజు చివర పిన్ని ట్రేలు ఉండేవి. మామూలు ట్రేలకు చీటీ మునుపటి కంటే ఒక రవ్వ ఆలస్యంగా వచ్చేది. ఎవరూ గమనించలేదు. కొన్నేళ్ళకు చెరువులే తగ్గిపోయాయి. బాపట్ల అమ్మాయి ఇంకో ఊళ్ళో ఇంకో ఆఫీసుకు మారింది. సార్ ఆఫీసు మూసేశారు. ఇప్పుడు మీరు వాడే పెద్ద పెద్ద ప్రోగ్రాములకు కూడా ఎవరో ఎక్కడో మామూలు రోజు చూపించే ఉంటారు. ఆ రోజులో ఎవరు లేరో ఒకసారి అడిగి చూడండి. కట్టలు మరీ నీటుగా వస్తే ఇంకా గట్టిగా అడగండి.

పిన్ని చెప్పినవన్నీ మొదటిసారి కొట్టిన రోజు బాపట్ల అమ్మాయి నా కుర్చీ వెనక నిలబడి ఉంది. కొత్తగా కట్టిన ప్రోగ్రాం నడుస్తోంది. పేరు కొట్టాను. ఊరు కొట్టాను. టీ, ఈ, డీ, ఏ కొట్టాను. రకానికో తూకం కొట్టి ఆఖరి మీట నొక్కాను.

చీటీ వెంటనే వచ్చేసింది. తీసుకోవడానికి మనిషి లేదు. అది ప్రింటరులోంచి వేలాడుతూనే ఉంది, మేమిద్దరం దాన్ని చింపలేదు.